పాత కారు ఇంజన్ మిస్సింగ్ (మధ్యమధ్య దెబ్బ తప్పడం): ముందు కరెంటా, పెట్రోలా తేల్చుకోండి

నమస్కారమండీ. ఒడిశాలోని జయపురం నుంచి మాట్లాడుతున్నాను. కొరాపుట్, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగే 26వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ అందరికీ తెలిసిందే. పెళ్ళికి వెళ్ళాలన్నా, పెద్దాసుపత్రికి వెళ్ళాలన్నా మనకు ఆ ఘాటే దారి. పాత కారులో దాగి ఉన్న జబ్బు ఆ మలుపులు ఎక్కేటప్పుడే బయటపడుతుంది.

ఈ బండి చూడండి. 1996 మోడల్ మారుతి 800. సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనది. రెండు బాధలు చెప్పారు. స్లో స్పీడులో బండి వణుకుతోంది, వాన రోజుల్లో మరీ ఎక్కువ. రెండోది, సాలూరు నుంచి ఘాట్ ఎక్కుతుంటే సగం దారిలో నీరసపడి ఆగిపోతోంది. ఇదివరకే ఒకచోట కార్బురేటర్, అంటే గాలిలో పెట్రోలు కలిపే భాగం, మార్పించుకున్నారు. ఒక్క బాధా తగ్గలేదు. పాత కార్బురేటర్ తుక్కులోకి పోయింది. నన్ను అడిగితే బాధపడాల్సింది దానికే. కంపెనీ నుంచి బండితో వచ్చిన కార్బురేటర్ ఈ రోజుల్లో దొరకడం కష్టం. అందుకే చెబుతున్నాను, కరెంటు తప్పా పెట్రోలు తప్పా తేలేదాకా కార్బురేటర్ స్క్రూ మీద చెయ్యి వేయకండి.

ఇంజన్ స్టార్ట్ చేశాను. సైలెన్సర్ చివర నాలుగు వేళ్ళ దూరంలో అరచెయ్యి పెట్టండి. గాలి సమానంగా తగలాలి. ఇక్కడ రెండు దెబ్బలు తగిలి మూడోది తప్పుతోంది. మళ్ళీ రెండు, మళ్ళీ ఖాళీ. ఇది మూడు సిలిండర్ల ఇంజన్. లెక్క తప్పకుండా ఒకటే పోతోందంటే ఒక సిలిండర్ పడుకున్నట్టు. కార్బురేటర్ మూడింటికీ ఒక్కటే కదా, అది చెడితే మూడూ కుంటాలి. లెక్కాపత్రం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు తప్పితే అప్పుడు పెట్రోలును, ప్లగ్గులకు పెద్ద కరెంటు పుట్టించే కాయిల్‌ను అనుమానించండి.

పడుకున్నది ఏ సిలిండరో పట్టుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ వైరు చేత్తో లాగేవారిని చూస్తుంటాను. అలా చేయకండి, షాకు గట్టిగా కొడుతుంది. పైగా ఈ బండిలో కాయిల్ కరెంటును తెరిచి మూసే పాతకాలపు పాయింట్లు లేవు, ఆ పని ఇగ్నైటర్ చేసే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. కరెంటుకు దారి లేకపోతే ఆ భారం కాయిల్ మీద, ఇగ్నైటర్ మీద పడుతుంది. ఇంజన్ ఆపి, ఒక వైరు తీసి, దానికి వేరే మంచి ప్లగ్గు తగిలించి, ప్లగ్గు ఇనుము భాగాన్ని జంపర్ వైరుతో ఇంజన్‌కు కట్టి, అప్పుడు స్టార్ట్ చేయండి. మొదటి సిలిండర్‌కు అలా చేస్తే వణుకు ఇంకా పెరిగింది, అంటే అది పనిచేస్తున్నదే. మూడోదీ అంతే. రెండో దానికి చేస్తే ఏ తేడా లేదు. దొంగ దొరికాడు.

తొందరపడి ప్లగ్గు కొనకండి. బయట కట్టిన మంచి ప్లగ్గు మొన చూడండి. నీలంగా, చిటచిటమంటూ రావాల్సిన రవ్వ నారింజ రంగులో, ఆగి ఆగి వస్తోంది. ప్లగ్గు కొత్తదే కాబట్టి తప్పు వైరులోనో, ఒక్కో ప్లగ్గుకూ కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కప్పులోనో ఉంది. ఇప్పుడు షట్టర్ దించి లైటు ఆర్పుతాను. మొక్కలకు చల్లే స్ప్రేతో వైర్ల మీద మంచులా నీళ్ళు చల్లుతున్నాను. అదిగో! రెండో వైరు ఇనుప క్లిప్పును ఆనుకున్న చోట నీలి రవ్వ దూకింది. ఆ వైరు తీసి చూపిస్తాను. ఒరిపిడికి రబ్బరు నునుపుదేలి, మధ్యలో సూదిమొనంత రంధ్రం, దాని చుట్టూ బూడిద రంగు వలయం. మన కొరాపుట్ పొగమంచులో కరెంటు ప్లగ్గుదాకా పోకుండా ఈ రంధ్రంలోంచే బయటికి దారి చూసుకుంటోంది.

విప్పిన ప్లగ్గులను పారేయకుండా ముందు చదవండి. మొన పాలు కలిపిన టీ రంగులో ఉంటే మంట బాగుంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బురేటర్ బండికి అది తెలియదు, అందుకని 1672 మీటర్ల దేవమాలి వైపు తరచూ తిరిగే బండిలో కాస్త మసి ఉంటే కంగారు పడకండి. తెల్లగా కాలితే పెట్రోలు చాలడం లేదు. జిడ్డుగా మెరిసే నలుపైతే ఆయిల్ లోపలికి వస్తోంది. ఈ రెండో ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంది, అంటే పెట్రోలు చేరింది, నిప్పు చేరలేదు. ఈ ఇంజన్‌కు ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకులు) చూసి బిగించండి. వైరు, ప్లగ్గు, కప్పు మూడూ బాగున్నా సిలిండర్ లేవకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) చూడాలి, అది వేరే వీడియో.

వైరు మార్చాను, వణుకు పోయింది. ఘాట్ సంగతి మాత్రం తేలలేదు. ఇదే అసలు చిక్కు. రెండు జబ్బులు ఒకే బండిలో ఉంటే ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి.

ఎత్తులో నీరసపడుతోందంటే అడిగినంత పెట్రోలు అందడం లేదు. ముందు ఖర్చు లేనిది చూడండి. బండి ఆగినప్పుడు ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడినట్టు. ఈ బండికి అది బాగానే ఉంది. తర్వాత ఫిల్టర్. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత ట్యాంకులోని మడ్డిని కదిలిస్తుంది, నీటినీ పీల్చుకుంటుంది. వానాకాలమంతా కదలకుండా పెట్టిన బండి పెట్రోలును గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు కడగాల్సిందే.

తర్వాత పంపు. కాయిల్‌కు వచ్చే సన్న వైరు విప్పేయండి, ఎక్కడా రవ్వ పుట్టకూడదు. ఇంజన్ చల్లగా ఉండాలి, దగ్గర్లో బీడీ కూడా వద్దు. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి, మనిషిని సెల్ఫ్ కొట్టమనండి. ప్రతి దెబ్బకూ పెట్రోలు చిమ్మాలి. ఇక్కడ కారుతోందే కానీ చిమ్మడం లేదు.

ఇప్పుడు ఆయిల్ డిప్‌స్టిక్ లాగి వాసన చూడండి. పెట్రోలు వాసన. మట్టం కూడా గీత దాటింది. పంపు విప్పి డయాఫ్రమ్‌ను, అంటే పెట్రోలును నెట్టే పలచని పొరను, వెలుతురుకు ఎదురుగా పట్టాను. అంచున, స్ప్రింగు ఒరిగే చోట, గోటిగాటంత పగులు. చదును రోడ్డు మీద ఆ పంపు ఎలాగో నెట్టుకొస్తోంది. ఎత్తులో ఇంజన్ ఎక్కువ అడిగేసరికి ఇవ్వలేకపోతోంది. మిగతా పెట్రోలు ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తోంది. పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు ఇథనాల్ పెట్రోలుకు తట్టుకునేలా చేసినవి కావు. మార్చేటప్పుడు అది తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

ఒక్కోసారి పంపు బాగున్నా ఎండలో, తక్కువ గేరులో ఎక్కుతుంటే పైపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు మీద తడి గుడ్డ వేసి పావుగంట ఆగితే బండి మళ్ళీ నడిచిందంటే అది వేడి వల్ల వచ్చింది. పైపు సైలెన్సర్ మానిఫోల్డుకు (ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే వేడి గొట్టం) ఎంత దగ్గరగా పోతోందో చూసి దూరంగా కట్టండి.

కొత్త పంపు బిగించాను. ఇంకా తాళం తిప్పలేదు. పెట్రోలు కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులను కాపాడలేదు, అందుకని ముందు పాత ఆయిల్ మొత్తం దించి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోస్తున్నాను. ఆ తర్వాతే స్టార్టు.