ఇసుక తిన్నెల వెనక దాచిన దండయాత్ర

[తెర మీద: ఉత్తర సముద్రం మ్యాప్, జర్మనీ తీరం దగ్గరికి జూమ్]

జర్మనీ తీరాన్ని ఆనుకుని వరసగా ఉన్న ఈ చిన్న ద్వీపాలు చూశారా? ఫ్రీజియన్ దీవులు. పోటు మీదున్నప్పుడు వీటి వెనకంతా నీళ్లే. ఆటు వచ్చిందంటే మైళ్ల కొద్దీ ఇసుక, బురద, మధ్యలో సన్నటి పాయలు. 1903లో వచ్చిన ‘ది రిడిల్ ఆఫ్ ది శాండ్స్’ నవలకు అసలు హీరో ఈ బురదే అంటాను నేను.

రాసింది ఎర్స్‌కిన్ చైల్డర్స్, బ్రిటన్ పార్లమెంటులో గుమాస్తా. సెలవు దొరికితే పడవేసుకుని తిరిగే మనిషి, ఈ దీవులూ చుట్టొచ్చాడు. బ్రిటన్, జర్మనీ మధ్యలో సముద్రం ఉన్నా ఇరుగుపొరుగే. జర్మనీ పెద్ద నౌకాదళం కడుతుంటే లండన్‌లో టెన్షన్ మొదలైన రోజులవి.

[తెర మీద: చిన్న తెరచాప పడవ]

విదేశాంగ శాఖ ఉద్యోగి కరూదర్స్‌ని బాతుల వేటకని పిలుస్తాడు స్నేహితుడు డేవీస్. తీరా వెళ్తే వేట వంక మాత్రమే. డాల్‌మన్ అనేవాడు దారి చూపిస్తానని చెప్పి, గాలివానలో డేవీస్ పడవను ఇసుక మేటల మీదికి తోలాడు. ఎందుకు చంపబోయాడు?

నవల ప్రాణమంతా పొగమంచు సీన్‌లో ఉంది. నోర్డెర్నై దీవి నుంచి మెమ్మెర్ట్ దీవి దాకా స్నేహితులిద్దరూ చిన్న పడవలో తెడ్డేసుకుంటూ పోతారు. చెయ్యి చాపితే కనపడదు. దిక్సూచి, గడియారం, అడుగు తడమడానికో కర్ర. పాయ తప్పితే ఇసుకలో ఇరుక్కుంటారు. తుపాకీ పేలదు, అయినా ఊపిరి బిగబట్టి చదువుతాం.

(స్పాయిలర్ వద్దనుకునేవాళ్లు కాస్త ముందుకు జరపండి.) జర్మన్లు లోతు తక్కువ బల్లకట్లలో సైన్యాన్ని ఎక్కించి, టగ్ బోట్లతో లాగి ఇంగ్లండ్ తూర్పు తీరాన దింపాలని చూస్తుంటారు.

[తెర మీద: 1910]

తర్వాత బ్రాండన్, ట్రెంచ్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు నిజంగానే ఈ తీరంలో గూఢచర్యం చేస్తూ దొరికిపోయారు. నాలుగేళ్ల శిక్ష పడింది, 1913లో క్షమాభిక్ష దొరికింది.

చైల్డర్స్ సంగతి ఇంకా వింత. జర్మనీ నుంచి బ్రిటన్‌ని కాపాడాలని రాసిన ఈయనే, 1914లో జర్మనీలో కొన్న తుపాకులను సొంత పడవలో, అప్పట్లో బ్రిటన్ పాలనలో ఉన్న ఐర్లండ్‌కి, అక్కడి జాతీయవాదుల కోసం చేరవేశాడు. 1922లో ఐరిష్ అంతర్యుద్ధంలో, అక్కడి ప్రభుత్వమే ఆయన్ని కాల్చి చంపింది. ఆయన కొడుకు 1973లో ఐర్లండ్ అధ్యక్షుడయ్యాడు.

కాపీరైట్ ఎప్పుడో ముగిసింది, ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతుంది. పడవల పరిభాష కాస్త విసిగిస్తుంది. మ్యాప్ పక్కన పెట్టుకుని చదవండి.