గుర్రానికి లెక్కలు వచ్చా?

శ్రోతలందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న ఆట ఆడదాం. మీ పనులు మీరు చేసుకుంటూనే ఆడొచ్చు. మూడు సంఖ్యలు చెబుతాను: 2, 4, 6. ఈ మూడూ ఒక నియమం ప్రకారం ఉన్నాయి. ఆ నియమం నాకు తెలుసు, మీరు కనిపెట్టాలి. వేరే మూడు సంఖ్యలు చెప్పి నన్ను అడగండి. నియమానికి సరిపోతే అవునంటాను, లేకపోతే కాదంటాను. అంతకుమించి ఏమీ చెప్పను.

చాలామంది 8, 10, 12 అంటారు. అవును, సరిపోయింది. తర్వాత 20, 22, 24. అదీ సరిపోయింది. ఎందుకైనా మంచిదని 100, 102, 104 కూడా అడుగుతారు. అవును. ఇంకేముంది, "రెండేసి చొప్పున పెరిగే సంఖ్యలు" అని గట్టిగా చెప్పేస్తారు. కానీ నియమం అది కాదు. ఒకదానికంటే తర్వాతది పెద్దదైతే చాలు, అంతే. 1, 7, 50 అని అడిగినా నేను అవుననేవాణ్ణి. ఎవరూ అడగరు.

పీటర్ వేసన్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1960లో ఈ ప్రయోగం ప్రచురించారు. 29 మంది విద్యార్థుల్లో మొదటిసారే సరైన నియమం చెప్పినవాళ్లు 6 మంది. నేను సైకాలజీ పాఠం చెప్పే ప్రతి కొత్త తరగతినీ ఈ ఆటతోనే మొదలుపెడతాను. ఒకసారి వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి 6, 4, 2 అంది. నేను "కాదు" అన్నాను. తరగతంతా "అయ్యో" అంది. ఆ పిల్ల మాత్రం నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని, మరో రెండు ప్రశ్నలడిగి నియమం చెప్పేసింది. మిగతావాళ్లకు పది "అవును"లు నేర్పని సంగతి ఆమెకు ఒక్క "కాదు" నేర్పింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మొండివాళ్ల గురించి మనకు తెలుసు. ఈ విద్యార్థులు అలాంటివాళ్లు కారు. నిజం తెలుసుకోవాలనే అడుగుతున్నారు, శ్రద్ధగానే పరీక్షిస్తున్నారు. కాకపోతే "అవును" అని వచ్చే చోటే వెతుకుతున్నారు. తెలివి, నిజాయితీ రెండూ ఉన్నవాళ్లకు కూడా ఇలా జరుగుతుంది. నాకు భయం వేసేది ఇక్కడే. సైకాలజీలో పరిశోధన పద్ధతులు అనగానే లెక్కలు, పట్టికలు, పరీక్షలో గట్టెక్కాల్సిన ఒక పేపరు అని మా విద్యార్థులు నీరసపడతారు. నాకైతే ఆ శాస్త్రానికి ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఒక గుర్రం కథ చెప్పాలి.

అది బెర్లిన్ నగరం, 1900 తర్వాతి తొలి సంవత్సరాలు. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారు తన గుర్రం హాన్స్‌కి కొన్నేళ్లపాటు ఓపిగ్గా చదువు చెప్పారు. కూడికలు, భిన్నాలు, తేదీలు, ఏం అడిగినా హాన్స్ డెక్కతో నేలను తట్టి జవాబిచ్చేది. మూడూ రెండూ ఎంత అంటే అయిదుసార్లు తట్టి ఆగేది. జనం తండోపతండాలుగా వచ్చేవాళ్లు. ఆయన ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. మోసం చేసే మనిషి కాదు.

1904లో కార్ల్ స్టుంఫ్ అనే పేరున్న సైకాలజిస్టు ఆధ్వర్యంలో ఒక కమిటీ ఈ గుర్రాన్ని పరీక్షించింది. అందులో పశువైద్యుడు, సర్కస్ మేనేజరు, అశ్వికదళ అధికారి, బడిలో చెప్పే మాస్టార్లు ఉన్నారు. గారడీ ఏమైనా ఉంటే సర్కస్ మనిషి కంట పడకుండా ఉండదు కదా. ఎంత చూసినా ఏ మోసమూ దొరకలేదు. పైగా ఓస్టెన్ లేనప్పుడు వేరేవాళ్లు అడిగినా గుర్రం జవాబు చెప్పింది. మనం అక్కడుంటే ఏమనేవాళ్లం? నేనైతే నమ్మేసేవాణ్ణి.

స్టుంఫ్ దగ్గర పనిచేసే ఓస్కర్ ఫుంగ్‌స్ట్ మాత్రం ప్రశ్నను మార్చారు. "ఇందులో మోసం ఉందా?" అన్న ప్రశ్న పక్కనపెట్టి, "గుర్రానికి నిజంగానే లెక్కలు వస్తే ఏ పరిస్థితిలోనూ తడబడకూడదు కదా, మరి ఎక్కడ తడబడుతుంది?" అని ఆలోచించారు. అంకెలు రాసిన అట్టముక్కలు తీసుకుని, అడిగే మనిషికి ఆ అంకె కనబడకుండా గుర్రానికి మాత్రం చూపించే ఏర్పాటు చేశారు. ఓస్టెన్ గుర్రం చెవిలో ఒక సంఖ్య చెబుతారు, ఫుంగ్‌స్ట్ మరో సంఖ్య చెబుతారు. రెండూ కలిపితే ఎంతో ఆ గుర్రానికి తప్ప ఎవరికీ తెలియదు. అడిగేవాళ్లకు జవాబు తెలిసినప్పుడు దాదాపు ప్రతిసారీ సరిగ్గా చెప్పే హాన్స్, వాళ్లకు తెలియనప్పుడు దాదాపు ప్రతిసారీ తప్పు చెప్పింది.

అసలు సంగతి ఇదీ. ప్రశ్న అడగగానే మనిషి డెక్క వైపు చూడటానికి తల రవ్వంత వంచుతాడు. గుర్రం తట్టడం మొదలుపెడుతుంది. సరైన సంఖ్య దగ్గరపడేకొద్దీ మనిషిలో టెన్షన్ పెరుగుతుంది. ఆ సంఖ్య రాగానే హమ్మయ్య అనుకుంటాడు, తల కంటికి కనబడీ కనబడనంత పైకి లేస్తుంది. గుర్రం ఆగిపోతుంది. హాన్స్‌కి వచ్చింది మనుషుల్ని చదవడం. అదేమీ చిన్న విద్య కాదు, కానీ లెక్కలు మాత్రం కావు.

ఇదంతా రాసి ఫుంగ్‌స్ట్ 1907లో ఇచ్చిన నివేదిక గుర్రాన్ని దాటి చాలా దూరం వెళ్లింది. పరిశోధకుడికి ఏ జవాబు రావాలో ముందే తెలిస్తే, ఎదుటివాళ్లకు ఆ సంగతి ఏదో ఒక దారిలో అందిపోతుంది. మందులు పరీక్షించేటప్పుడు ఎవరికి అసలు మందు ఇస్తున్నారో, ఎవరికి ఉత్తి మాత్ర ఇస్తున్నారో రోగికీ డాక్టరుకూ ఇద్దరికీ తెలియకుండా చేయడం వెనక ఉన్నదీ ఈ జాగ్రత్తే.

ఇప్పుడు మరో కథ. ఇది మీరూ వినే ఉంటారు: మోజార్ట్ అనే పాతకాలపు పాశ్చాత్య సంగీతకారుడి సంగీతం వినిపిస్తే పిల్లలకు తెలివి పెరుగుతుందని. దీని మూలం 1993లో 'నేచర్' అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం. పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. పిల్లలెవరూ లేరు. పది నిమిషాలు సంగీతం విన్నాక ఆకారాలను మనసులో ఊహించుకునే ఒక రకం పరీక్షలో వాళ్లు కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటకు మించి నిలవలేదు. అంతే. ఆ నోటా ఈ నోటా పడి అది పసిపిల్లల తెలివితేటల దాకా పాకింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు ప్రతి నవజాత శిశువుకూ సంగీతం రికార్డు ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగారు. తర్వాత ఇతరులు పరీక్షిస్తే, తమకు నచ్చిన కథ విన్నవాళ్లూ అలాగే మెరుగ్గా చేశారని తేలింది. మనసు ఉత్సాహంగా ఉంటే పని బాగా సాగుతుంది, దానికి మోజార్టే కానక్కర్లేదు.

కాకి వాలిందట, తాటిపండు పడిందట. రెండూ ఒకేసారి జరిగితే కాకే పడగొట్టిందనుకోకూడదని చెప్పడానికి మనకు కాకతాళీయం అని ఏకంగా ఒక మాటే ఉంది. నిద్ర తక్కువైనవాళ్లలో టెన్షన్ ఎక్కువ అని చదివినప్పుడు ఆ మాట గుర్తుచేసుకోండి. నిద్ర లేక టెన్షనా, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదా, రెండింటికీ కారణం మరొకటి ఉందా?

నిపుణులు మాత్రం వీటన్నింటికీ అతీతులా? 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం, పేరున్న సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ మొదటినుంచీ చేసి చూసింది. మొదట వాటిలో 97 శాతం స్పష్టమైన ఫలితం చూపించినవే. రెండోసారి చేస్తే అలా వచ్చినవి 36 శాతమే. మళ్లీ రానంత మాత్రాన మొదటిది తప్పని చెప్పలేం, అది వేరే చర్చ. కానీ ఒక కారణం పరిశోధకులే ఒప్పుకున్నారు. "అవును" అని వచ్చిన ఫలితాలు పత్రికలకెక్కుతాయి, "కాదు" అని వచ్చినవి బల్ల సొరుగులో ఉండిపోతాయి. అందుకే ఇప్పుడు చాలామంది ప్రయోగం మొదలుపెట్టకముందే ఏం చూడబోతున్నామో, ఏది వస్తే ఓడిపోయినట్టో రాసి అందరికీ కనబడేలా పెడుతున్నారు. తన శాస్త్రంలోని లోపాన్ని తానే లెక్కపెట్టి బయటపెట్టినందుకు సైకాలజీ మీద నా గౌరవం పెరిగింది.

మళ్లీ బెర్లిన్‌కి వెళ్దాం. ఫాన్ ఓస్టెన్ ఆ నివేదికను ఒప్పుకోలేదు. గుర్రాన్ని ఊరూరా చూపిస్తూనే ఉన్నారు. అన్నేళ్ల ఓపిక పోసిన మనిషి కదా, ఆయన్ని తప్పుపట్టబుద్ధి కాదు. ఫుంగ్‌స్ట్ తర్వాత తానే గుర్రం పాత్రలో కూర్చున్నారు. ఎదుటి మనిషిని మనసులో ఒక సంఖ్య అనుకోమని, చేత్తో బల్ల మీద తడుతూ పోయి, వాళ్ల తల లేవగానే ఆపేవారు. చాలామంది అనుకున్న సంఖ్యను అలా చెప్పేశారు. తాము కదిలిన సంగతే వాళ్లకు తెలియదు. ఆ కదలిక ఎప్పుడు వస్తుందో, ఎలా ఉంటుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు అప్పటికి లేరు. అయినా గుర్రం ముందు నిలబడి జవాబు మనసులో పెట్టుకుంటే ఆయన తలా కదిలేది. ఆపాలని ఎంత ప్రయత్నించినా ఆపుకోలేకపోయారు. హాన్స్ అది చూసి, సరిగ్గా ఆ సంఖ్య దగ్గరే ఆగేది.

సెలవు. నమస్కారం.