ముందు ట్యాంకు మూత తియ్యండి

(ఒడిశాలోని రాయగడలో టూవీలర్ మెకానిక్కుల విశ్వకర్మ పూజ సభలో ఒక పాత మెకానిక్ ప్రసంగం)

పెద్దలకు, తమ్ముళ్ళకు నమస్కారం. ఈరోజు పానాలకు బొట్టుపెట్టి సెలవిచ్చాం కాబట్టి నాకు నోటితోనే పని. వేదిక మీదున్న అందరి పేర్లూ చదివితే వెనక కిచిడీ చల్లారిపోతుంది, వాళ్ళేమీ అనుకోరు. తెలుగులోనే మాట్లాడతాను. అర్థం కాని ఒడియా తమ్ముళ్ళు పక్కవాళ్ళని అడగండి.

బండికి పెట్రోల్ అందకపోతే ఎలా వెతకాలో పది నిమిషాల్లో చెప్పమన్నారు. పెట్రోల్ పైనుంచి కిందికి వస్తుంది. ట్యాంకు, కాక్ అనే కుళాయి, ఫిల్టరు, పైపు, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బరేటరు. మనం కూడా పైనుంచే వెతకాలి. కానీ మన చెయ్యి ముందు ఎక్కడికి పోతుంది? కార్బరేటరు మీదికి! అది విప్పితే పని చేసినట్టు కనిపిస్తుంది, డబ్బులు అడగడానికి బాగుంటుంది. నవ్వకండి, నేనూ అదే చేశాను.

రాయగడ కోరాపుట్ నుంచి విడిపోయి జిల్లా అయిన కొత్త, 1993 వానాకాలం. కాశీపూర్ వైపు ఊళ్ళు తిరిగే ఒక హెల్త్ వర్కరు బండి తోసుకొచ్చాడు. "మౌసా, గాడి బంద్ హెలా" అన్నాడు, బండి ఆగిపోయిందని. ఏడెనిమిది కిలోమీటర్లు పోగానే ఆగిపోతోందట. కాసేపు బీడీ కాల్చుకుని కిక్ కొడితే మళ్ళీ స్టార్టట. పైపు పీకి కాక్ తిప్పాను, ధార బాగానే వచ్చింది. కార్బరేటరు కడిగాను, దానిలో సన్న రంధ్రాల జెట్లు ఊదాను, బజారు చుట్టూ ఒక రౌండు కొట్టి ఇచ్చేశాను. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ కడిగాను. మూడోసారి కూడా. మూడుసార్లూ డబ్బులు తీసుకున్నాను.

నాలుగోసారి తోసుకుని రాలేదు, బండి మీదే వచ్చాడు. చేతిలో ఒక పాలిథిన్ ముక్క. ఘాటీలో, అంటే కొండదారిలో, వానలో బండి ఆగితే, పెట్రోల్ ఉందో లేదో చూద్దామని మూత తీశాడట. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుందట. వెంటనే బండి స్టార్టయింది. మూతకి గాలిరంధ్రం ఉంటుంది కదా, పెట్రోల్ తగ్గేకొద్దీ దానిలోంచి గాలి పోవాలి. ఆ దారి మూసుకుపోతే లోపల వాక్యూమ్ పట్టి పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. ఆగి కూర్చుంటే సందుల్లోంచి కొంచెం గాలి చేరుతుంది, మళ్ళీ నడుస్తుంది. నేను రెండు కిలోమీటర్లు తిప్పి చూస్తే ఏం తెలుస్తుంది?

ఆ పాలిథిన్ ఎవరు పెట్టారనుకున్నారు? నేనే! ఆషాఢంలో వాననీళ్ళు ట్యాంకులోకి దిగకుండా ఉంటాయని ఊరికే, ప్రేమగా, మూత కింద పెట్టాను. ఆయన పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టి మూత వేసేవాడు. మెకానిక్ పెట్టాడు కదా అని. డబ్బులు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. టీ తాగి వెళ్ళాడు. ఆ టీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే చెప్తున్నాను, కాక్ తిప్పి రెండు సెకన్లు చూసి ధార ఉందనకండి. మూత వేసే ఉంచి, సీసాలోకి ఒక నిమిషం పట్టండి, పక్కన బీడీ కాల్చేవాళ్ళని దూరం పంపి. ధార సన్నబడి, మూత తియ్యగానే మళ్ళీ పెరిగితే జబ్బు మూతదే. సీసాని ఐదు నిమిషాలు అలాగే ఉంచితే నీళ్ళు అడుక్కి చేరతాయి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది నీళ్ళని పీల్చుకుంటుంది, నీళ్ళు మోతాదు మించితే వాటితోపాటు అడుక్కి దిగిపోతుంది. వానాకాలంలో దీన్ని మరిచిపోకండి. ఇక చోక్ లాగితేనే నడిచి, వదలగానే ఆగిపోతే, బండి నెమ్మది మీద ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ చూడండి. అప్పుడు కార్బరేటరు విప్పండి, నేనేమీ అనను.

2020 ఏప్రిల్ తర్వాతి, కొత్త పొగ నిబంధనల బీఎస్6 బళ్ళ సంగతి అడుగుతారని తెలుసు. వాటిలో చాలావాటికి పెట్రోల్ పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు జుయ్యిమంటుంది. ఆ చప్పుడు వినండి తమ్ముళ్ళూ, డీజే పాట ఆపి వినండి! వినిపించకపోతే ముందు ఫ్యూజు, బ్యాటరీ, కనెక్టరు చూడండి. ఫ్యూజు పోయినదానికి వేల రూపాయల పంపు మార్చేస్తున్నారు కొందరు. ఎవరో నాకు తెలుసు, పూజ రోజు కాబట్టి చెప్పను. చాలా బళ్ళలో ఆ పైపులో సుమారు 3 బార్ల ప్రెషరు ఉంటుంది, ఊరికే పీకితే కళ్ళలో కొడుతుంది. ట్యాంకు అడుగంటా నడిపే అలవాటున్న కస్టమరుకి కూడా ఒక మాట చెప్పండి. పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే.

రిజర్వు గురించి కూడా చెప్పాలనుకున్నాను, సెక్రటరీ బాబు గడియారం చూస్తున్నాడు. ఒక్క మాట. లోపలికి వస్తుంటే పందిరి పక్కన ఒక నల్ల బండి కనిపించింది. నంబరు చెప్పను. మూత కింద నుంచి పాలిథిన్ కొస బయటికి కనిపిస్తోంది. ఎవరిదో గాని, కిచిడీకి లేచే ముందు వెళ్ళి దాన్ని పీకేసి రా నాయనా.