మందుకు మందు

(గుంటూరులో ఫార్మసీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన ఊళ్లో "మందు షాపు ఎక్కడ?" అంటే ఒక వైపు చూపిస్తారు, "మందుల షాపు ఎక్కడ?" అంటే ఇంకో వైపు. తేడా ఒక్క 'ల'. రాత్రి మొదటి షాపుకి వెళ్లి, పొద్దున్నే రెండో షాపుకి వచ్చేవాళ్లని కొత్తపేటలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. జనవరి ఒకటిన అయితే షట్టర్ తీయకముందే నిలబడి ఉంటారు. "బాబాయ్, తల పగిలిపోతోంది, కడుపులో మంట. రెండిటికీ కలిపి ఏదైనా ఇవ్వు."

ఆ "రెండిటికీ కలిపి" అన్న మాట మీదే అమెరికాలో ఒక కంపెనీ బాగుపడింది.

ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరు. అక్కడ డాక్టర్ ఫ్రాంక్లిన్ మైల్స్ 1884లో పెట్టిన కంపెనీ నరాల టానిక్ అమ్ముకునేది. చాలాకాలం తర్వాత, 1928లో, కంపెనీ పెద్ద హబ్ బియర్డ్‌స్లీ ఊళ్లోని పత్రికాఫీసుకి వెళ్లాడట. బయట అందరూ ఫ్లూతో మంచాన పడుంటే అక్కడ మాత్రం ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. సంగతేమిటంటే, ఒంట్లో నలతగా ఉందనగానే ఎడిటర్ ఆస్పిరిన్, వంటసోడా కలిపి తాగించేవాడట. కంపెనీ కెమిస్టు మారిస్ ట్రెనియర్ ఆ రెండిటినీ ఒక్క మాత్రలో బిగించాడు. 1931లో ఆల్కా-సెల్ట్‌జర్ బజారులోకి వచ్చింది. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశారు, మన దగ్గర 1995లో పెట్టి 1997లో ఎత్తేసినట్టు. ఇక గిరాకీ సంగతి నేను చెప్పాలా? 1978లో మైల్స్ కంపెనీని జర్మనీ మందుల కంపెనీ బేయర్ కొనేసింది. 1899లో ఆస్పిరిన్‌ని లోకానికి అమ్మడం మొదలుపెట్టిందీ ఆ బేయరే.

మాత్రలో ఏముంది? ఆస్పిరిన్ 325 మిల్లీగ్రాములు, సిట్రిక్ ఆమ్లం 1000, వంటసోడా 1916. నీళ్లలో వేయగానే ఆమ్లం, సోడా కలిసి బుస్సుమని పొంగుతాయి. మన గోలీసోడాలో ఉండే గ్యాసే అది. ఆస్పిరిన్ కరిగిపోయి ఒంటికి త్వరగా పడుతుంది, కాబట్టి తలనొప్పి త్వరగా తగ్గుతుంది. తెలివైన తయారీ, కాదనను. ఆ బుడగల చప్పుడు వింటేనే సగం తగ్గినట్టుంటుంది.

కానీ అది హ్యాంగోవర్‌ని, అంటే తాగిన మర్నాటి బాధని, తగ్గించదు. చిన్న పెగ్గు, అంటే 30 మిల్లీలీటర్ల విస్కీని వదిలించుకోవడానికే కాలేయానికి గంటకు పైనే పడుతుంది. మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విషం తయారవుతుంది. ఒంట్లో నీళ్లు పోతాయి, నిద్ర సరిగ్గా ఉండదు, కడుపు లోపలి పొర రేగుతుంది. మాత్ర నొప్పిని కప్పుతుంది, కాలేయాన్ని తొందరపెట్టలేదు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, హ్యాంగోవర్ తగ్గిస్తామంటూ సప్లిమెంట్లు అమ్ముతున్న ఏడు కంపెనీలకి హెచ్చరిక లేఖలు రాసింది.

ఇంకో సంగతి. మద్యంతో రేగి ఉన్న కడుపులోకే ఈ ఆస్పిరిన్ వెళ్తుంది. ఆస్పిరిన్ కలిసిన యాంటాసిడ్లతో, అంటే కడుపులో మంటకి వేసుకునే మందులతో, కడుపులో రక్తస్రావం కావచ్చని 2016లో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది. రోజుకి మూడు, అంతకు మించి పెగ్గులు తాగేవాళ్లకి ముప్పు ఎక్కువంది. ఎవరి కోసం కొంటారో వాళ్లకే ప్రమాదమన్నమాట! ఈ విషయం నాకు ఎఫ్‌డీఏ చెప్పక్కర్లేదు. షాపు పెట్టిన కొత్తలో, పరగడుపున వచ్చిన ఒక కుర్రాడికి అడిగిందే తడవు గట్టి నొప్పిమాత్ర ఇచ్చాను. రాత్రి ఎంత తాగాడో అడగలేదు. సాయంత్రానికి రక్తం కక్కుకుని ఆసుపత్రిలో చేరాడు. బతికాడు. వాళ్లమ్మ నన్నేమీ అనలేదు, అదే ఇప్పటికీ బాధ.

పారాసిటమాల్ మంచిదా అని అడుగుతారు. రోజూ తాగేవాళ్ల కాలేయానికి అదీ బరువే. బీపీ ఉన్నవాళ్లకైతే సోడా మాత్రల్లోని సోడియం సంగతి కూడా చెప్పాలి, ఉప్పులో ఉండేదీ అదే. ఆల్కా-సెల్ట్‌జర్ ఒక్క మాత్రలో సోడియం 567 మిల్లీగ్రాములు. రెండు వేసుకుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన 2000 హద్దులో సగం దాటినట్టే. ఆవకాయ లెక్క వేరే!

అందుకే ఇప్పుడు ముందు మూడు ప్రశ్నలడుగుతాను: ఎంత తాగావు, ఏమైనా తిన్నావా, వాంతిలో రక్తం గానీ మలం నల్లగా గానీ ఉందా? రక్తం, నలుపు లేకపోతే ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతిలో పెట్టి, ఇంటికెళ్లి మజ్జిగన్నం తిని పడుకోమంటాను. మొన్న ఒకాయన ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు: "ఉప్పునీళ్ల కోసం ఇంత దూరం రావాలా బాబాయ్?"