బ్యాగు బరువును తుంటి మీదికి దించండి

శ్రోతలకు నమస్కారం. వీపు మీద పెద్ద బరువు పెట్టుకుని కొండలెక్కే వాళ్లతో ఈ పూట కాసేపు మాట్లాడాలని వచ్చాను. తలకోన వైపు, నాగలాపురం కొండల వైపు శని, ఆదివారాల్లో పోయే మన పిల్లకాయలను చూస్తూనే ఉంటాను. వేలకు వేలు పోసి కొన్న బ్యాగు, అందులో టెంటు, దుప్పటి, స్టవ్వు, నలుగురికి సరిపడా బియ్యం, నీళ్లు. ఓ గంట నడిచాక చూస్తే ముందుకు వంగిపోయి, రెండు బొటనవేళ్లు భుజం పట్టీల కిందికి దూర్చి, వాటిని పైకి లేపి పట్టుకుని నడుస్తుంటారు. "ఏం నాయనా?" అని అడిగితే "బ్యాగు మంచిది కాదన్నా, భుజాలు పీకేస్తున్నాయి" అంటారు. చాలాసార్లు బ్యాగు మంచిదే. దాన్ని ఎవరూ వాళ్ల ఒంటికి కుదర్చలేదు, లేదంటే ఆ సైజు వాళ్లది కాదు.

బరువులు మోయడానికి తయారయ్యే బ్యాగుల్లో బాగా గట్టివి వేటగాళ్ల కోసం వచ్చినవి. అమెరికాలో పడమటి కొండల్లో లైసెన్సు తీసుకుని ఎల్క్ అనే పెద్ద జాతి జింకను వేటాడతారు, బండి పోలేని చోటు నుంచి ఆ మాంసాన్ని విడతలు విడతలుగా మనిషే వీపు మీద మోసుకురావాలి, ఒక్కో విడతకు 30, 40 కిలోలు ఉంటుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం, జైలుకు పోయే నేరం, కాబట్టి ఆ జోలికి మనం పోము, పోకూడదు కూడా. కానీ ఆ బ్యాగులో ఉండే పనితనం మాత్రం మనకు కావాలి. అంత బరువు పెట్టినప్పుడు పట్టీ ఒక్క అంగుళం తేడాగా ఉన్నా ఒళ్లు వెంటనే చెప్పేస్తుంది, అందుకే బ్యాగు కుదర్చడం గురించి బాగా పట్టించుకున్న వాళ్లలో ఆ వేటగాళ్లు ముందుంటారు. మన దగ్గర అడవి బేస్ క్యాంపులకు సరుకులు మోసే సిబ్బందికి, ట్రైపాడ్లూ పెద్ద లెన్సులూ మోసే ఫొటోగ్రాఫర్లకు, ట్రెక్కింగ్ పిల్లలకు అదే లెక్క వర్తిస్తుంది.

ఆ లెక్క ఏమిటంటే, బరువు తుంటి ఎముక మీద కూర్చోవాలి. భుజాలు ఉన్నది బ్యాగు వెనక్కి పడిపోకుండా పట్టుకోవడానికే. సరిగా కుదిరితే బరువులో ముప్పావు భాగం దాకా నడుము బెల్టే తీసుకుంటుంది. మన పల్లెల్లో ఆడవాళ్లు నిండు బిందెను ఎక్కడ ఆనించుకుంటారో చూడండి, సరిగ్గా అదే చోటు. అక్కడి నుంచి బరువు నేరుగా కాళ్లలోకి దిగుతుంది, ఒంట్లో పెద్ద కండరాలన్నీ అక్కడే ఉన్నాయి. భుజం మీద పెడితే మెడ, వెన్ను, నడుము అన్నీ దాటుకుని కిందికి రావాలి.

1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన అల్యూమినియం ఫ్రేమ్ బ్యాగులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు ముందు కొండల్లో నడిచేటప్పుడు, ఫ్రేమ్ కింది కొసలను ప్యాంటు వెనక జేబుల్లో దూరిస్తే భుజాల మీద బరువు తేలికైపోవడం గమనించారని, బరువును నడుము మీదికి దించాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని చెబుతారు. ఈనాటి నడుము బెల్టుకు మూలం ఆ ఆలోచనే.

ఇప్పుడు కొలత. జనం బ్యాగును లీటర్లు చూసి కొంటారు, అరవై లీటర్లా, డెబ్భై లీటర్లా అని. లేదా "నేను ఆరడుగులున్నాను, నాకు పెద్దదే కావాలి" అంటారు. లీటరు లోపల ఎంత పడుతుందో చెబుతుందే గానీ వీపుకు కుదురుతుందో లేదో చెప్పదు. ఎత్తు కూడా చెప్పదు, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి వీపు పొడుగు ఉండొచ్చు. కావలసింది వీపు పొడవు. ఇంట్లో టైలరు టేపు ఉంటే చాలు, ఇంకొకరి సాయం తీసుకోండి. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకు వస్తుంది, అది మెడలో ఏడో పూస, కొలత అక్కడి నుంచి మొదలు. తర్వాత రెండు చేతులూ నడుముకు పెట్టి, పక్కలకు గట్టిగా తగిలే తుంటి ఎముక పై అంచును పట్టుకోండి, బొటనవేళ్లు వెనక్కి ఉండాలి. ఆ రెండు బొటనవేళ్ల మధ్య ఒక గీత ఊహించుకుంటే, వెన్ను మీద ఆ గీత దగ్గర కొలత ముగుస్తుంది. టేపు గాలిలో తిన్నగా పట్టకుండా వీపు వంపును అంటుకుని కిందికి రావాలి. పెద్దవాళ్లకు ఇది మామూలుగా 40 నుంచి 55 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఈ అంకె ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. మంచి బ్యాగుల మీద వీపు పొడవు రాసి ఉంటుంది, కొన్నింటికి వెనక పట్టీల జోడును పైకీ కిందికీ జరుపుకునే వీలు ఉంటుంది. రెండు సైజుల మధ్య పడేవాళ్లు అలా జరిగేదే తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

పట్టీలు బిగించడానికి ఒక వరస ఉంది, దాన్ని తిరగేస్తే ఏ బ్యాగూ కుదరదు. ఇది కొంచెం నిదానంగా చెబుతాను. ముందు బ్యాగులో బరువు ఉండాలి. ఖాళీ బ్యాగు ఎవరికైనా హాయిగానే ఉంటుంది. ఎనిమిదో పదో కిలోల బియ్యం సంచీ లోపల పెట్టండి. ఆపైన పట్టీలన్నీ వదులు చేయండి, ఒక్కటి కూడా బిగుతుగా వదలొద్దు. బ్యాగు వేసుకుని మొదట నడుము బెల్టు పట్టుకోండి. భుజాలు కాస్త పైకెత్తి బ్యాగును ఒక్కసారి ఎగరేసి, బెల్టు వెడల్పులో సరిగ్గా మధ్యకు తుంటి ఎముక పై అంచు వచ్చేలా ఆనించి, అప్పుడు బకిల్ పెట్టి బిగించండి. బెల్టు పొట్ట మీదికి పోతే ఊపిరి పట్టేస్తుంది, మరీ కిందికి దిగితే ఎత్తైన మెట్టెక్కేటప్పుడు తొడకు అడ్డం పడుతుంది. పొట్ట ఉన్నవాళ్లకు ముందు బకిల్ పొట్ట కిందికి రావాలి, వాళ్లు పొట్ట మీదుగా కట్టుకుంటే నాలుగడుగులకే జారిపోతుంది. బెల్టు మెత్త కొసలు రెండూ ముందు కలుసుకోకూడదు, కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి. కలిసిపోతున్నాయంటే ఆ బెల్టు మీకు పెద్దది, నడిచే కొద్దీ బిగించడానికి చోటు మిగలదు.

ఇక్కడ ఒక పరీక్ష చేయండి. భుజం పట్టీలు పూర్తిగా వదిలేసి నిలబడండి. బ్యాగు వెనక్కి వాలుతుంది, అది సహజం, కానీ కిందికి జారకూడదు. జారిందంటే బెల్టు పని చేయడం లేదు. సన్నగా, నడుము వంపు లేకుండా ఉన్న కుర్రాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ, వాళ్లు నడుము వెనక వంపులో ఆనే గట్టి మెత్త ఉన్న బ్యాగు వెతుక్కోవాలి.

బెల్టు నిలిచాక భుజం పట్టీలు లాగండి, బ్యాగు వీపుకు ఆనేంత వరకే. పట్టీ భుజం చుట్టూ సందు లేకుండా వంగి ఉండాలి, నొక్కకూడదు. బలం ఉంది కదా అని ఇక్కడ గట్టిగా లాగేస్తే నడుము మీద కూర్చున్న బరువంతా మళ్లీ పైకి లేచి భుజాల మీదికి వస్తుంది, చేసిన పనంతా వృథా. ఆ తర్వాత లోడ్ లిఫ్టర్లు. భుజం పట్టీ పై భాగం నుంచి ఫ్రేమ్ పై కొసకు పోయే చిన్న పట్టీలు అవి. బ్యాగు పై భాగం వెనక్కి ఊగకుండా ఇవే పట్టుకుంటాయి. పక్క నుంచి చూస్తే అవి భుజం నుంచి వెనక్కి, పైకి ఏటవాలుగా పోవాలి, దాదాపు 45 డిగ్రీలు. అడ్డంగా ఉన్నా, కిందికి దిగుతున్నా ఫ్రేమ్ మీకు పొట్టిదని అర్థం, ఎంత లాగినా లాభం ఉండదు. వేటగాళ్ల బ్యాగుల్లో ఫ్రేమ్ భుజం కన్నా బాగా ఎత్తుగా ఉండేది ఇందుకే, కొన్నింటికి ఫ్రేమ్‌ను ఇంకా పొడిగించే ముక్కలు కూడా విడిగా దొరుకుతాయి. చివరగా ఛాతీ పట్టీ. గొంతు దగ్గరి అడ్డెముకకు రెండు మూడు వేళ్ల కింద పెట్టుకుని, ఊపిరి నిండా పీల్చుకోగలిగేంత వదులుగా ఉంచండి. అన్నీ అయ్యాక మళ్లీ ఒకసారి నడుము బెల్టు బిగించి, భుజం పట్టీలు చిటికెడు వదలండి.

లోపల సర్దడం కూడా ఇందులో భాగమే. బాగా బరువైన వస్తువు వీపుకు ఆనుకుని, రెండు రెక్క ఎముకల మధ్య ఎత్తులో ఉండాలి. దుప్పటి, బట్టలు అడుగున, బయటి వైపు. నీళ్ల సీసాలు వెనక బయట జేబులో పెట్టి నడిచేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ రెండు కిలోలు అంత దూరం నుంచి గుంజుతుంటే మనిషి దాన్ని కాచుకోవడానికి దారంతా ముందుకు వంగే నడవాలి. వేట బ్యాగుల్లో ఫ్రేమ్‌కూ సంచీకీ మధ్య బరువు పెట్టి కట్టేందుకు ప్రత్యేకంగా చోటు ఉంటుంది, మాంసం వీపుకు వీలైనంత దగ్గరగా ఉండాలని. మనం బియ్యం మూటనో, నీళ్ల క్యానునో అక్కడ కట్టుకోవచ్చు.

దయచేసి తేలిగ్గా తీసుకోకూడని సంగతి ఒకటుంది. బరువైన బ్యాగు పట్టీ భుజాన్ని గంటల తరబడి నొక్కితే, మెడ నుంచి చేతికి పోయే నరాల గుంపు దెబ్బతినొచ్చు. చేయి తిమ్మిరెక్కడం, పైకి లేవకపోవడం, రెక్క ఎముక వెనక్కి పొడుచుకు రావడం జరుగుతాయి. సైన్యాల్లో పెద్ద మూటలు మోసే జవాన్లలో దీన్ని డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నారు, ఫ్రేమ్, నడుము బెల్టు వాడినప్పుడు ఇది తగ్గుతుందని కూడా వాళ్లే చెప్పారు. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో నయమవుతుంది, కొందరికి పూర్తిగా కాదు. నడుస్తుండగా వేళ్లు తిమ్మిరెక్కితే "ఇంకో ఫర్లాంగే కదా" అని పోవద్దు, అక్కడికక్కడే దించేయండి. దిగాక కూడా తిమ్మిరి పోకపోతే డాక్టరుకు చూపించండి. నడుము బెల్టు మరీ గట్టిగా బిగిస్తే తొడ బయటి వైపు మంట, మొద్దుబారడం రావొచ్చు, అప్పుడు బెల్టును కాస్త వదులు చేయాలి, కాస్త జరపాలి.

మన ఒంటి అలవాట్లు కూడా చూసుకోవాలి. బెల్టు కింద మొలతాడు ముడి, ప్యాంటుకు తోలు బెల్టు, జేబులో తాళాలు, ఫోను ఉంటే అరగంటకే చర్మం ఒరుసుకుపోతుంది. చుడీదార్ బొందు ముడి కూడా అంతే, పక్కకు జరుపుకోండి అక్కా. తిరుమల అడవుల్లోని తీర్థాలకు పండగ రోజుల్లో నడిచిపోయేవాళ్లకూ ఒక మాట. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం ముక్కోటి, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం, ఇలా చివరికి వచ్చేసరికి ఎండ ముదిరిపోతుంది, నీళ్లు ఎక్కువ పట్టుకోవాలి, లీటరుకు కిలో చొప్పున బ్యాగు బరువెక్కుతుంది. చెమటకు బట్ట తడిసి బెల్టు జారుతుంది, నీళ్లు తాగే కొద్దీ బ్యాగు తేలికై పట్టీలు వదులవుతాయి, కాబట్టి పొద్దున ఒకసారి బిగించాం కదా అని మర్చిపోతే కుదరదు. అలిపిరి మెట్ల దారిన పోయే భక్తులకు మాత్రం ఈ తిప్పలేమీ అక్కర్లేదు, కింద లగేజీ కౌంటర్లో ఇస్తే దేవస్థానం వాళ్లే ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు. 3,550 మెట్లున్న దారిలో, అందులోనూ మోకాళ్ల పర్వతం దగ్గర, వీపు మీద బరువు లేకపోవడం ఎంత హాయో ఎక్కినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, ఇంట్లో బడి పిల్లలుంటే వాళ్ల బ్యాగు కూడా ఈ రోజే చూడండి. పిల్లల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో వచ్చిన జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. పట్టీలు వదులై బ్యాగు పిరుదుల కిందికి వేలాడుతుంటే బిగించి పైకి తెచ్చేయండి, ఒక్క భుజానికే వేసుకుంటే వద్దనండి.

బ్యాగు ఎత్తుకోవడంలోనూ పద్ధతి ఉంది. నేల మీది నుంచి ఒక భుజం పట్టీ పట్టుకుని గుంజి వీపు మీదికి విసురుకునేవాళ్లకే నడుం పట్టేస్తుంది. మోకాళ్లు వంచి, మెడ దగ్గరి చిన్న పిడి పట్టుకుని ముందు తొడ మీదికి ఎక్కించండి. ఒక చేయి దూర్చి, వీపు మీదికి తిప్పుకుని, రెండో చేయి దూర్చండి. 20 కిలోలు దాటితే బండరాయి మీదనో, గట్టు మీదనో పెట్టి కూర్చుని తగిలించుకుని, పక్కవాళ్ల చేయి పట్టుకుని లేవండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

కొత్తగా కొనేవాళ్లు షాపుకు పోయేటప్పుడు వీపు కొలత కాగితం తీసుకుపొండి, షాపులోనే బరువు పెట్టించమని అడగండి. పెట్టనంటే వేరే షాపు చూసుకోండి. బరువుతో పావుగంట అటూ ఇటూ నడవండి, అక్కడ మెట్లుంటే ఎక్కి దిగండి, వంగి షూ లేసు కట్టుకోండి, తల వెనక్కి ఎత్తి పైకి చూడండి. తల ఫ్రేమ్‌కు తగిలితే, లేసు కట్టుకునేసరికి బెల్టు పక్కటెముకల్లో గుచ్చుకుంటే ఆ సైజు మీది కాదు, రంగు ఎంత నచ్చినా తిరిగి ఇచ్చేయండి. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న బ్యాగైతే వాడి ఒంటికి బిగించిన పట్టీలన్నీ ముందు వదులు చేసి, ఇందాక చెప్పిన వరసలో నడుము బెల్టు నుంచి మొదలుపెట్టండి. నమస్కారం.