తిమింగలం పాఠానికి 1,800 రూపాయల పెట్టె కావాలా?

నమస్కారం. ఈ వారం నా బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి ఈ నీలం రంగు పెట్టె. సముద్ర జీవుల గురించి తరగతిలో చెప్పడానికి తయారుచేసిన సామగ్రి, 1,800 రూపాయలు పోసి కొన్నాను. రెండోది ఈ నైలాను తాడు చుట్ట. 30 మీటర్లు, సంతలో బేరమాడితే 200 రూపాయలకు వచ్చింది. మా నాలుగో తరగతి పిల్లలకు తిమింగలం పాఠం ఈ రెండింటితోనూ చెప్పి చూశాను. ఇలాంటి పెట్టెలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో వస్తున్నాయి కాబట్టి కంపెనీ పేరు చెప్పడం లేదు.

ముందు పెట్టె విప్పుదాం. పన్నెండు ప్లాస్టిక్ బొమ్మలు, ఒక గోడ పటం, ఒక చిన్న పుస్తకం, తిమింగలాల గొంతుల ఆడియో. రంగులు బాగున్నాయి, అంచులు గీసుకోవు, వాసన లేదు. ఇక్కడితో మెచ్చుకోలు అయిపోయింది.

ఈ నీలి తిమింగలాన్ని చూడండి, నా అరచేతిలో పట్టింది. దాని పక్కన పెట్టిన ఈ తాబేలూ అంతే ఉంది. నక్షత్ర చేప వాటికన్నా ఒక వేలు వెడల్పు ఎక్కువే. గోడ పటంలోనూ ఇదే వరస. భూమి మీద ఇంతవరకు పుట్టిన జంతువులన్నింటిలోకీ పెద్దదని మనకు తెలిసిన ప్రాణిని పిల్లలకు పరిచయం చేస్తూ, దాన్ని నక్షత్ర చేపకు తమ్ముణ్ణి చేశారు.

రెండో తప్పు ఇంకా గట్టిది. ఈ తోకను దగ్గరగా చూపిస్తాను. నిలువుగా ఉంది కదా? అది చేప తోక. చేప తోకను పక్కలకు ఊపుతుంది. తిమింగలం తోక అడ్డంగా పరుచుకుని ఉంటుంది, పైకీ కిందికీ కొడుతుంది. ఎందుకంటే తిమింగలం పూర్వీకులు నాలుగు కాళ్ల మీద నేల మీద తిరిగినవి. కుక్క పరుగెత్తేటప్పుడు దాని వెన్ను చూడండి, ముడుచుకుని, సాగి, పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఊపే సముద్రంలోకి వెళ్లింది. ఆ కథలో మనవాళ్ల పేరు కూడా ఉంది. కాశ్మీరు ప్రాంతంలో దొరికిన ఒక చిన్న జంతువు శిలాజాలకు 1971లో ఇండోహ్యూస్ అని పేరు పెట్టింది ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త. ఆయన సేకరించిన రాళ్లనే తరువాత అమెరికాలో పనిచేసే శిలాజ శాస్త్రవేత్త థెవిస్సెన్ బృందం పరిశీలించి, పిల్లికి కాస్త అటూ ఇటూగా ఉండే ఆ గిట్టల జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో ప్రకటించింది. తిమింగలాలకు ఉండేలాంటి చెవి ఎముక దాన్ని పట్టిచ్చింది. పెట్టెలోని పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

మూడోది, తిమింగలాల పొట్లంలో వేల్ షార్క్‌ను కూడా కలిపేశారు. పేరులో వేల్ ఉన్నా అది సొర, అంటే చేప. చేపలన్నింటిలోకీ పెద్దది. తమాషా ఏమిటంటే బొమ్మ మీద మొప్పల గీతలు అయిదూ చక్కగా చెక్కారు. మొప్పలు చెక్కిన చెయ్యే దాన్ని తిమింగలాల్లో వేసింది! 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరానికి వచ్చింది ఇదే జాతి. అటవీ శాఖవాళ్లు, మత్స్యకారులు కలిసి దాన్ని మళ్లీ సముద్రంలోకి పంపారు. పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఎక్కడ దొరుకుతుంది?

పేరు తికమక మనకూ ఉందనుకోండి. సంస్కృతంలో తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం. తెలుగు పిల్లల చెవికి అందులో 'మింగ' ఎలాగూ వినిపిస్తుంది. అందుకే మొదటి రోజే "మనిషిని మింగేస్తుందా?" అనే ప్రశ్న ఖాయం. నీలి తిమింగలానికి మనిషిని మింగడం చేతకాదు. నోరు గది అంత, గొంతు సన్నం.

ఇప్పుడు తాడు. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుందని నేను బోర్డు మీద రాసినప్పుడు ఎవరి ముఖంలోనూ చలనం లేదు. 30 అనేది వాళ్లకు గణితం పీరియడ్‌లో రోజూ కనిపించే అంకె. తాడు ఒక కొన ఒక అమ్మాయి చేతికిచ్చి, రెండో కొన పట్టుకుని మిగతావాళ్లను నడవమన్నాను. వరండా అయిపోయింది. మెట్లు దిగారు. కుళాయి దాటారు. గేటు బయటికి వెళ్లినా తాడు ఇంకా మిగిలే ఉంది. అక్కడ ఆగిపోయిన అబ్బాయి వెనక్కి తిరిగి, "టీచర్, ఇంకా ఉంది!" అని వేసిన కేక ఈ వీడియోలో పెట్టగలిగితే బాగుండేది.

తరువాత తాడు పొడవునా పిల్లలను తలా పాదమూ ఆనించి పడుకోబెట్టాను. ఇరవై ముగ్గురు పట్టారు. మిగిలిన ముగ్గురూ అలగకుండా వాళ్లను రొయ్యలను చేశాను. దూరం నుంచి చూస్తున్న మాస్టారు ఒకరు దాదాపు మూడు పల్లెవెలుగు బస్సులంత అన్నారు, ఆ పోలిక కూడా పనికొచ్చింది. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కి చూసిన పిల్లలుంటే, దాని పొడవు 91 మీటర్లని, మూడు తిమింగలాలను వరసగా పెడితే అంత అవుతాయని చెప్పండి.

తాడు మీద ఈ ఎర్ర గుడ్డ ముడి కనిపిస్తోందా? ఇది 7 మీటర్ల గుర్తు, అప్పుడే పుట్టిన పిల్ల పొడవు. ఇది కట్టాక నాకే ఒక విషయం తట్టింది. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి 25 అడుగుల నీలి తిమింగలం కొట్టుకొచ్చిందని, భారీ తిమింగలమని పత్రికలు రాశాయి. 25 అడుగులంటే ఏడున్నర మీటర్లు. ముడికి మూరెడు పైచిలుకు అవతల. నిజంగా నీలి తిమింగలమే అయితే అది పసికూన. పిల్లలకు ఆ మాట చెప్పగానే కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తాడుకు పదికి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, చుట్టేటప్పుడు పడే చిక్కు మామూలుది కాదు.

ఇంట్లో సరుకులతో చేసినవి రెండున్నాయి. తిమింగలానికి చలి ఎందుకు వేయదో చెప్పడానికి డాల్డా వాడాను. రెండు ప్లాస్టిక్ సంచుల మధ్య డాల్డా దట్టించి, అందులో చేయి పెట్టి ఐసు నీళ్లలో ముంచాలి. రెండో చేయి ఉత్త సంచితో. ఉత్త చేయి పది అంకెలు లెక్కపెట్టేలోగా బయటికొచ్చేస్తుంది, డాల్డా చేయి హాయిగా ఉంటుంది. బోహెడ్ అనే ఉత్తర ధ్రువపు తిమింగలానికి చర్మం కింద అడుగుకు మించిన మందాన ఈ కొవ్వు ఉంటుంది. ఒక హెచ్చరిక. నేను దీన్ని మార్చి నెలలో మధ్యాహ్నం చేశాను. డాల్డా కరిగింది, సంచి కారింది, ఇద్దరి చొక్కాలు పాడయ్యాయి, వాళ్ల అమ్మల ముందు నేను తల దించుకున్నాను. డిసెంబరులో, ఉదయం పూట చేయండి.

రెండోది పేల దువ్వెన. నీలి తిమింగలానికి పళ్లుండవు, పైదవడ నుంచి దువ్వెనలాంటి పలకలు వేలాడతాయి. అవి మన గోళ్లూ జుట్టూ తయారైన కెరటిన్‌తోనే తయారవుతాయి. గిన్నెడు నీళ్లలో రొయ్యపొట్టు వేసి దువ్వెనతో వడకడితే నీళ్లు పోతాయి, పొట్టు నిలుస్తుంది. అది తినే క్రిల్ చూడటానికి మన రొయ్యపొట్టుకు అక్కలా ఉంటుంది. తరగతి గది రెండు రోజులు వాసన కొట్టింది. శాకాహారుల పిల్లలుంటే నువ్వులు వేయండి, కానీ దువ్వెన పళ్లు బాగా దగ్గరగా ఉండాలి, లేకపోతే జారిపోతాయి. దువ్వెన కొత్తది కొనండి, ఇది చెప్పక తప్పదు.

పాటల సంగతి క్లుప్తంగా. హంప్‌బ్యాక్ తిమింగలాల పాటలో వరసలు ఒక క్రమంలో మళ్లీ మళ్లీ వస్తాయని రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే అనే పరిశోధకులు 1971లో రాశారు. పాడేవి మగవి. ఫ్యాన్లు ఆపి వినిపించండి. మా వాళ్లు గేదె దూడ అన్నారు, తలుపు కిర్రు అన్నారు, రెండూ ఒప్పుకున్నాను. నీలి తిమింగలం గొంతు మాత్రం మన చెవికి దాదాపు అందనంత మంద్రం, అందుకే దాని రికార్డింగులు చాలావరకు వేగం పెంచి వినిపిస్తారు. పెట్టెతో వచ్చిన ఆడియోలో ఆ ముక్క చెప్పలేదు.

చెన్నైకి విహారయాత్ర వెళ్లే బడులుంటే ఎగ్మూరు మ్యూజియం వదలకండి. 1874లో మంగుళూరు తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం అస్థిపంజరం అక్కడుంది, 18 మీటర్ల పైచిలుకు.

పెట్టెకు పదికి మూడు. కొనవద్దనే చెబుతాను. ఇప్పటికే కొన్నవాళ్లు పారేయకండి, తప్పులు పట్టించడానికి పనికొస్తుంది. మా తరగతిలో ఒక అబ్బాయి ఈ తిమింగలాన్ని ఇంటికి తీసుకెళ్లి, తోకను వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక అడ్డంగా తిప్పి తెచ్చాడు. ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. కొంచెం ఎడమకు ఒరిగింది కానీ, ఇప్పుడిది తిమింగలమే.