స్టూండ్: క్షణం నుంచి పోటు దాకా

శ్రోతలకు నమస్కారం.

అర్ధరాత్రి పన్ను సలపడం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. కాసేపు ఊరుకుంటుంది. హమ్మయ్య అని దిండు మీద తల వాల్చామో లేదో, మళ్లీ ఒక్క పోటు! ఆగి ఆగి వచ్చే ఆ పోటుకి స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాషలో ఓ పాత మాటుంది: స్టూండ్.

పుట్టినప్పుడు ఈ మాటకి నొప్పితో సంబంధమే లేదు. పాత ఇంగ్లీషులో 'స్టుండ్' అంటే ఒక క్షణం, కాసేపు, అంతే. దాని చుట్టం జర్మన్‌లో ఇప్పటికీ ఉంది, 'ష్టుండె' అంటే గంట. మరి కాలం కాస్తా నొప్పి ఎలా అయింది? మనకిదేం వింత కాదు. 'పాపం, వాడికి టైమ్ బాలేదు' అంటాం. 'ఆఖరి గడియలు' అన్నాక ఎవరూ గోడ మీద గడియారం చూడరు. అక్కడా అంతే. క్షణం కష్టకాలమై, ఆ కష్టకాలం కుంచించుకుపోయి ఒక్క పోటుగా మిగిలిందని నిఘంటుకారులు చెబుతారు. ఇంగ్లీషు 'అస్టౌండ్' దీని చుట్టమేమో అనిపిస్తుంది గానీ, కాదు. అది లాటిన్ ఉరుము నుంచి వచ్చింది.

ఇంగ్లండ్‌లో ఈ మాట వాడుకలోంచి జారిపోయింది. స్కాట్లాండ్‌లో మాత్రం పంటి దగ్గర ఆగకుండా గుండెలోకి దిగింది. దుఃఖంతో కలుక్కుమన్నా స్టూండే, ఇష్టమైన మనిషి కనబడి జివ్వుమన్నా స్టూండే.

కవి రాబర్ట్ బర్న్స్ దీన్ని పాటలోకి తెచ్చాడు. లోక్‌మేబెన్ అనే చిన్న ఊళ్లో పాస్టరుగారమ్మాయి జీన్ జఫ్రే. ఆమె మీద కట్టిన పాట 1790లో అచ్చయింది. నన్ను చంపింది ఆ బంగారు ఉంగరాల జుట్టు కాదు, మంచులో తడిసిన గులాబీల్లాంటి పెదవులూ కాదు, ఆ నీలికళ్లు అంటాడు. 'స్టూండ్' పక్కనే గాయానికి వాళ్లనే 'వూండ్'ని పెట్టి ప్రాస కలిపాడు. పంటినొప్పిని తిడుతూ కూడా ఆయనో పద్యం రాశాడండోయ్! చిత్రంగా అందులో స్టూండ్ లేదు, కాటు లాంటి 'స్టాంగ్' ఉంది. జీన్ తర్వాత పెళ్లి చేసుకుని న్యూయార్క్ వెళ్లిపోయింది.

తెలుగులో చెప్పమంటే నేను 'పోటు' అనే అంటాను. కత్తిపోటు, తలపోటు, సముద్రపు పోటు అన్నీ అందులో ఉన్నాయి. నీలికళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం అది చాలదు, గుండె ఝల్లుమనాల్సిందే.

సెలవు.